విరిగింది, పగిలింది, తెగింది: ఒక్క 'బ్రేక్' తెలుగులో ఎందుకు సరిపోదు

సంక్షిప్తంగా: వస్తువు ముక్కలవడాన్ని చెప్పడానికి తెలుగులో అన్నిటికీ పనికొచ్చే ఒక్క క్రియ లేదు. ఏ క్రియ వాడాలన్నది వస్తువు ఆకారం, అది ఉన్న స్థితి, బలం పడిన తీరు నిర్ణయిస్తాయి. మనసు, పొత్తు, పార్టీ లాంటి కంటికి కనిపించని వాటికీ ఇదే లెక్క. ఇది పట్టించుకోని అనువాదాల్లో, వార్తల్లో అర్థమే మారిపోతోంది.

మెట్ల మీంచి ఫోను కింద పడిందనుకుందాం. తెర పగులుతుంది. ప్లాస్టిక్ కేసు అంచు విరుగుతుంది. వెనక మూత ఊడుతుంది. తగిలించి ఉన్న ఇయర్‌ఫోన్ తీగ తెగుతుంది. గుడ్డ పౌచ్ చిరుగుతుంది. ఇన్ని జరిగాక ఫోను పాడవుతుంది, తెలంగాణలో అయితే ఖరాబవుతుంది. పడింది ఒక్కసారే, క్రియలు మాత్రం ఆరు. ఇదే సంగతిని ఇంగ్లీషు నుంచి యంత్రం అనువదిస్తే తరచు 'మీ ఫోన్ విరిగింది' అని వస్తుంది. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు. కానీ తెలుగువాడు అది చదివితే, రెండు చేతులతో పట్టుకుని కర్రలా మధ్యకు విరిచిన ఫోను కళ్లముందు కనిపిస్తుంది.

ఆకారమే క్రియను ఎంచుతుంది

'విరుగు' అనాలంటే వస్తువుకు బిగువు ఉండాలి, బలం అడ్డంగా పడాలి. కర్ర, కొమ్మ, ఎముక, పెన్సిలు, కుర్చీ కాలు, దువ్వెన పళ్లు విరుగుతాయి. వంచుతూ పోతే ఒక చోట తట్టుకోలేక రెండవుతాయి. అప్పడం పలచగా, గుండ్రంగా ఉన్నా వేగాక బిగుసుకుంటుంది కాబట్టి అదీ విరుగుతుంది.

'పగులు' గట్టిగా ఉండి పెళుసైన వాటికి, ముఖ్యంగా లోపల బోలుగా ఉన్నవాటికి వస్తుంది. కుండ, గాజుగ్లాసు, అద్దం, పెంకు, గుడ్డు, తల. ప్లాస్టిక్ బకెట్టును చూస్తే తేడా చప్పున తెలుస్తుంది: బకెట్టు పగిలింది అంటారు, దాని పిడి విరిగింది అంటారు. ఒకే ప్లాస్టిక్, ఒకే సామాను. బోలుగా ఉన్న భాగానికి ఒక మాట, కడ్డీలా ఉన్న భాగానికి ఇంకో మాట.

'తెగు' లాగితే బిగుసుకునేవాటికి: తాడు, దారం, గొలుసు, చెప్పు పట్టీ, గాలిపటం దారం, రబ్బరు బ్యాండు. పరచినట్టు ఉండే గుడ్డ, కాగితం చిరుగుతాయి లేదా చినుగుతాయి. వెదురులా పొడవునా పీచు ఉన్నవి ఆ పీచు వెంబడి చీలుతాయి. లోపలి ఒత్తిడికి పై పొర విచ్చుకుంటే చిట్లుతుంది. అదే ఒత్తిడి చప్పుడుతో ఒక్కసారిగా బయటపడితే పేలుతుంది. తొలి ఏకాదశికి పేలపిండి చేసే పేలాలకు ఆ పేరు వచ్చింది అందుకే. గింజలోని తేమ వేడికి ఆవిరై పొట్టును బద్దలు కొడుతుంది.

క్రియ వస్తువు పేరును చూడదు, ఆ క్షణాన దాని స్థితిని చూస్తుంది. దీనికి వంటింటి సేమ్యా కంటే మంచి రుజువు దొరకదు. వండకముందు సేమ్యా విరుగుతుంది, ఉడికాక తెగుతుంది. చపాతీ వేడిగా మెత్తగా ఉంటే తుంచుతారు, మర్నాటికి ఎండితే విరుగుతుంది. పోపులోకి ఎండుమిరపకాయ తుంచి వేస్తారు, వెల్లుల్లి చితక్కొడతారు, బియ్యం గింజ విరిగితే దానికి నూక అని వేరే పేరే పెట్టేశారు. వంట రాసేవారు ఈ మాటలన్నిటి చోటా 'ముక్కలు చేయండి' అని రాస్తే పని ఎలా చెయ్యాలో చెప్పే సమాచారం పోతుంది. తుంచడం వేళ్లతో, చితక్కొట్టడం బరువుతో, తరగడం కత్తిపీటతో జరిగే పనులు. తెలుగు క్రియలో పనిముట్టు కూడా ఇమిడి ఉంటుంది.

ఏ క్రియ సరైనదో తేలకపోతే చప్పుడుతో పరీక్షించవచ్చు. భళ్లున పగులుతుంది, ఫెళ్లున విరుగుతుంది, పుటుక్కున తెగుతుంది, పర్రున చిరుగుతుంది, ఢామ్మని పేలుతుంది. వీటిని తారుమారు చేస్తే చెవి ఒప్పుకోదు. 'దారం భళ్లున తెగింది' అని ఏ ప్రాంతంవారూ అనరు.

పక్క భాషల్లో ఎలా ఉంది

హిందీలో కర్ర, గాజుగ్లాసు, దారం మూడింటికీ 'టూట్‌నా' ఒక్కటే సరిపోతుంది. గుడ్డ చిరగడానికి వాడే 'ఫట్‌నా' టైరు పేలడానికీ పాలు విరగడానికీ పనికొస్తుంది. తమిళంలో కొమ్మకు 'ముఱి', కుండకు 'ఉడై', తాడుకు 'అఱు', గుడ్డకు 'కిళి' అని విడివిడిగా మాటలున్నాయి. తెలుగు పద్ధతికి ఇది దగ్గర.

నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ పరిశోధకులు 28 భాషలవారికి కోయడం, విరచడం, చింపడం లాంటి పనుల చిన్న వీడియోలు చూపి, ఏ పనిని ఏ క్రియతో చెబుతారో పోల్చి చూశారు. ఎక్కడ రెండవుతుందో ముందే తెలిసే పనులు ఒకవైపు, అంటే కత్తితో కోయడం లాంటివి. దెబ్బ కొట్టాక ఎక్కడ రెండవుతుందో చెప్పలేని పనులు ఇంకోవైపు. ఈ తేడాను భాషలు దాదాపుగా ఒకేలా గుర్తిస్తున్నాయని తేలింది. ఆ పైన ఎన్ని విభాగాలు చేసుకోవాలన్నదే భాషకూ భాషకూ మారుతుంది. తెలుగు 'తెగు' మాత్రం ఈ సరిహద్దుకు అటూ ఇటూ తిరుగుతుంది. లాగితే తాడు తెగుతుంది, కత్తికి వేలూ తెగుతుంది. కోసినా తెగడమే, గుంజినా తెగడమే. తేడా చెప్పాల్సి వస్తే 'కోశాడు', 'తెంచాడు' అనే సకర్మక రూపాల దగ్గర చెబుతుంది.

చేసిందెవరు: 'కొట్టు' చేసే పని

ఈ క్రియల్లో చాలావాటికి జత ఉంది. విరుగు–విరుచు, తెగు–తెంచు, చీలు–చీల్చు, చిరుగు–చింపు. మొదటిది దానంతట అది జరిగింది, రెండోది ఒకరు చేసింది. 'పగులు'కు మాత్రం ఇలాంటి జత నేటి వాడుకలో దాదాపు లేదు. 'పగలగొట్టు' అని 'కొట్టు'ను తోడు తెచ్చుకోవాలి. కుండను వేళ్లతో మెల్లగా పగల్చలేరు, దెబ్బ కొట్టాల్సిందే కదా.

రెండు రూపాలూ ఉన్నచోట 'కొట్టు' అర్థాన్ని మారుస్తుంది. చాక్లెట్ బిళ్లను విరిచి ఇస్తే పంచుకోవడం, కుర్చీ కాలు విరగ్గొడితే ధ్వంసం. పువ్వు తెంచితే కోత. ఏదైనా వ్యవహారాన్ని తెగ్గొడితే అది ఇక ముగిసినట్టు. అందుకే బేరం కుదిరినప్పుడు 'బేరం తెగింది' అంటారు. ధర అటూ ఇటూ లాగిలాగి ఒక చోట ఆగింది. కొత్తగా తెలుగు నేర్చుకునేవారు ఈ మాటను బేరం చెడిందని పొరబడతారు. అర్థం దానికి సరిగ్గా వ్యతిరేకం. తెగని తగాదా అంటే తీర్పు రాని తగాదా.

పోలీసు ఫిర్యాదులోనూ బీమా కాగితంలోనూ ఈ జతల ఎంపిక చిన్న విషయం కాదు. 'కిటికీ అద్దం పగిలింది' అంటే గాలివాన కావచ్చు. 'పగలగొట్టారు' అంటే ఎవరో ఉన్నారు. 'పగలగొట్టుకున్నారు' అంటే తప్పు సొంతదారుదే. చివర చేరిన 'కొను' ఒక్కటే బాధ్యతను ఇంట్లోవారి మీదికి తిప్పేస్తుంది. 'చెయ్యి విరిగింది', 'చెయ్యి విరగ్గొట్టుకున్నాడు' మధ్య ఉన్నదీ ఇదే తేడా. రెండోదానిలో అజాగ్రత్త అన్న నింద ఉంది.

'పోయింది' చేరితే ఎంత మారుతుంది

'పగులు' రెండు దశలకూ వాడతారు. గోడకు పగులు వచ్చింది అంటే సన్నని గీత. నేలకైతే బీటలు వారింది, నెర్రెలు విచ్చింది అని వేరే మాటలున్నాయి. కుండ పగిలిపోయింది అంటే ఇక నీళ్లు నిలవవు. మధ్యలో ఉన్న 'పగిలింది' సందర్భాన్ని బట్టి ఎటైనా మొగ్గుతుంది.

ప్రమాదం జరిగినప్పుడు ఈ సందిగ్ధం ఖరీదైనది. 'వేలు తెగింది' అంటే గాయమైంది, రక్తం వస్తోంది. 'వేలు తెగిపోయింది' లేదా 'తెగిపడింది' అంటే వేలు విడిగా వచ్చేసింది. 108కు ఫోన్ చేసేవారు ఈ తేడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే రెండో సందర్భంలో ఆ వేలిని కూడా తీసుకెళ్లాలి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, ఆ సంచిని ఐసు మీద ఉంచాలి. వేలు నేరుగా ఐసుకు తగిలితే కణజాలం దెబ్బతింటుంది.

ఎముకలూ కీళ్ల విషయంలో వాడుక భాష వైద్యుడికి బాగా పనికొచ్చేంత కచ్చితంగా ఉంది. బెణికింది: కీలు చుట్టూ ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, అంటే లిగమెంట్లు, సాగాయి. కీలు తప్పింది లేదా తొలగింది: ఎముక చివర తన చోటు నుంచి జారింది. ఎముక చిట్లింది: సన్నని గీత పడింది, ముక్కలు కదల్లేదు. విరిగింది: రెండయింది. నుజ్జయింది: చాలా ముక్కలు. చిన్నపిల్లల ఎముక పచ్చికొమ్మలా ఒకవైపు విరిగి రెండోవైపు వంగి ఉండిపోతుంది కూడా. దానికి ఒక్క మాట లేదు గానీ 'పచ్చికొమ్మ విరిగినట్టు' అంటే తల్లిదండ్రులకు వెంటనే అర్థమవుతుంది.

మోకాలి లిగమెంట్ గాయాన్ని కొన్ని అనువాదాల్లో 'లిగమెంట్ చిరిగింది' అని రాస్తున్నారు. ఇంగ్లీషులో గుడ్డకూ లిగమెంట్‌కూ ఒకే క్రియ ఉండడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. లిగమెంట్ తాడు లాంటిది కాబట్టి అది తెగుతుంది; సగమే తెగితే 'కొంత తెగింది' అంటే చాలు. ఎక్స్‌రేలో లిగమెంట్లు కనిపించవు, ఎమ్మారై కావాలి. కాబట్టి 'కాలు విరిగింది', 'లిగమెంట్ తెగింది' అనే రెండు మాటల వెనక రెండు వేర్వేరు పరీక్షలున్నాయి.

పాలు ఎందుకు విరుగుతాయి

ద్రవానికి 'విరుగు' అనడం వింతగా తోస్తుంది. కన్నడంలో పాలు 'ఒడె'స్తాయి, అంటే పగులుతాయి. తమిళంలో 'తిరి'స్తాయి, అంటే మారిపోతాయి. హిందీలో చిరుగుతాయి. తెలుగులో విరుగుతాయి.

జరిగేది ఇదీ. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. వాటి మీదున్న విద్యుదావేశం ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వదు. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. తాజా ఆవుపాల పీహెచ్ సుమారు 6.6. పులుపు పెరిగి అది 4.6 దగ్గరికి వస్తే ఆ ఆవేశం పోయి రేణువులు ముద్దకడతాయి. వేడి తోడైతే అంత పులుపు కూడా అక్కర్లేదు. పచ్చిగా తాగితే నాలుకకు తెలియని కొద్దిపాటి పులుపున్న పాలు కూడా పొయ్యి మీద విరుగుతాయి. పరమాన్నంలో బెల్లం వేసినప్పుడు జరిగేదీ ఇదే. గిన్నె దించి, కాస్త చల్లారాక బెల్లం కలిపితే ప్రమాదం తగ్గుతుంది.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, పాలు తోడుకోవడంలోనూ కేసిన్ గడ్డకట్టడమే ఉంది. కానీ దాన్ని విరగడం అనరు. గోరువెచ్చటి పాలను కదపకుండా ఉంచితే పులుపు నెమ్మదిగా పెరిగి, కేసిన్ వలలా అల్లుకుని నీటిని తనలోనే పట్టి ఉంచుతుంది. విరిగినప్పుడు ముద్ద ఒకవైపు, నీళ్లు ఒకవైపు అవుతాయి. కలిసున్నవి రెండుగా విడితేనే 'విరుగు'. వేరైన ఆ నీటిని విరుగుడు అంటారు. విషం పనిచేయకుండా ఆపే మందునూ విరుగుడే అంటారు. అది విషం బలాన్ని విరుస్తుంది.

కట్ట తెగడం, గేటు కొట్టుకుపోవడం, పియర్ కుంగడం

నీటిపారుదల వార్తల్లో క్రియ తప్పితే జనం భయపడతారు, లేదా భయపడాల్సినప్పుడు భయపడరు. మట్టికట్టకు ముందు బుంగ పడుతుంది. అంటే చిన్న రంధ్రం నుంచి నీరు మట్టిని మోసుకుంటూ కారుతుంది. బుంగ పెరిగి కట్ట కొంతమేర కోసుకుపోతే గండి. గండి వెడల్పయి చెరువే ఖాళీ అయితే చెరువు తెగింది అంటారు. బుంగ దశలో ఇసుక బస్తాలతో ఆపవచ్చు; గండి పడ్డాక ప్రవాహం తగ్గకుండా పూడ్చడం చాలా కష్టం. 2024 సెప్టెంబరు వరదల్లో బుడమేరు గండ్లు విజయవాడను ముంచినప్పుడు, నీరు వస్తుండగా గండ్లు పూడ్చడం ఎంత కష్టమో అందరూ చూశారు.

అదే ఏడాది ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయంలో 19వ నంబరు గేటు గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది, నీరు నదిలోకి వెళ్లింది. ఆనకట్టకు ఏమీ కాలేదు. గొలుసుకు ఒక క్రియ, గేటుకు ఒక క్రియ వాడితే దిగువన ఉన్న రైతుకు పరిస్థితి సరిగ్గా అర్థమవుతుంది. అన్నిటికీ కలిపి 'డ్యామ్ తెగింది' అనేస్తే కర్నూలు జిల్లా నదీతీర ఊళ్లన్నీ ఇళ్లు ఖాళీ చేయాల్సిన వార్త అవుతుంది.

మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్ల మధ్య ఉండే స్తంభాలు, కుంగాయి. 'కుంగు' అంటే కిందికి దిగడం, ముక్కలు కావడం కాదు. ఆ తర్వాత రాజకీయ ప్రసంగాల్లో కుంగింది, కూలింది అనే రెండు మాటలూ పోటీగా వినిపించాయి. ఇంజినీరింగ్ పరంగా ఇవి రెండు వేర్వేరు స్థితులు. కుంగితే పునాది కింద ఏం జరిగిందన్నది మొదటి ప్రశ్న. కూలితే పైకట్టడం కూడా నిలవలేదని అర్థం. ఏ మాట రాస్తున్నారో పత్రికలు తెలిసి రాయాలి.

పార్టీ చీలుతుంది, రాష్ట్రం విడిపోతుంది, మనసు విరుగుతుంది

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది అంటాం గానీ పగిలింది అనం. వెదురును చీల్చితే రెండు బద్దలూ మొదటి గడకున్నంత పొడవే ఉంటాయి. చీలిన పార్టీలో రెండు వర్గాలూ అదే చరిత్రనూ అదే వారసత్వాన్నీ తమవిగా చెప్పుకుంటాయి. ఓట్లు చీలడం, దారి చీలడం కూడా ఇలాంటివే.

2014 జూన్ 2న జరిగినదానికి చట్టం పెట్టుకున్న పేరు 'పునర్వ్యవస్థీకరణ'. అందులో ముక్కలైన ఛాయే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాడుక మాట 'విభజన'. విభజన హామీలు అని నేటికీ వింటున్నాం. తెలంగాణలో అదే రోజు 'అవతరణ', 'ఆవిర్భావం'. ఉద్యమకాలంలో వినిపించిన 'విడిపోయి కలిసుందాం' అన్న మాటలో 'విడు' ఎంపిక కూడా ఆలోచించి చేసిందే. ముడి విడుతుంది, మొగ్గ విడుతుంది. విడివడినవాటికి దెబ్బ తగిలిందన్న సూచన ఆ క్రియలో లేదు. వ్యతిరేకించినవారు 'చీల్చారు', 'ముక్కలు చేశారు' అన్నారు. ఒకే చట్టం గురించి నాలుగైదు క్రియలు, ప్రతిదానిలోనూ ఒక వైఖరి.

మనిషి లోపలి వ్యవహారాల్లోనూ పదార్థాన్ని బట్టే మాట. గుండె కుండలాంటిది కాబట్టి దుఃఖానికి పగులుతుంది. సంబంధం తాడులాంటిది కాబట్టి తెగుతుంది; తెగతెంపులు అలా పుట్టిన మాటే. మనసు మాత్రం విరుగుతుంది. గుండె పగలడంలో శోకముంది, మనసు విరగడంలో శోకం కంటే విముఖత ఎక్కువ. వేమనదిగా ప్రసిద్ధమైన పద్యంలో ఇనుము విరిగితే కమ్మరి కాచి అతకగలడు, మనసు విరిగితే అతికించలేం అన్న పోలిక ఉంది. ఇనుపకడ్డీకీ మనసుకూ ఒకే క్రియ ఉండబట్టే ఆ పోలిక నిలబడింది. ఆ క్రియలు వేరైన భాషలోకి పద్యాన్ని మారిస్తే సగం బలం పోతుంది.

శుభసందర్భాల్లో ఈ క్రియలన్నిటినీ పక్కన పెడతారు. గుళ్లో కొబ్బరికాయ కొడతారే గానీ పగలగొట్టరు. మంగళసూత్రం తాడు తెగితే చాలా ఇళ్లలో 'పెరిగింది' అంటారు.

సంస్కృత మాటలు, 'బ్రేక్ అయింది'

పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో సంస్కృత పదాలు ఇంకో వరుస పని చేస్తాయి. కేంద్రక విచ్ఛిత్తి, కణ విభజన, రసాయన వియోగం అనేవి ఒక్కోటి ఒక్కో శాస్త్రానికి స్థిరపడ్డాయి. కుట్రను భగ్నం చేస్తారు, కేసును ఛేదిస్తారు, క్రికెట్‌లో లక్ష్యాన్నీ ఛేదిస్తారు. వీటిని ఒకదాని చోట ఒకటి పెట్టలేం.

పట్టణాల్లోనూ అమెరికా తెలుగు ఇళ్లలోనూ పిల్లలు కర్రకూ గ్లాసుకూ దారానికీ 'బ్రేక్ అయింది' అనడం పెరిగింది. మాట అరువు తెచ్చుకోవడంలో నష్టం లేదు. తెగింది, విరిగింది, పగిలింది మూడూ నోటికి రాకపోవడంలో ఉంది. నేర్పడానికి నిర్వచనాలు పనికిరావు. వస్తువులు చేతికివ్వాలి: ఒక చీపురుపుల్ల, ఒక దారపు ముక్క, ఒక పాత కాగితం, ఒక వేరుశనగకాయ, ఉడికించిన సేమ్యా, పచ్చి సేమ్యా. తెలంగాణ ఇంట్లో 'పలిగింది', చాలా ఊళ్లలో 'ఇరిగింది' అనే రూపాలు వినిపిస్తాయి. అవి తప్పులని దిద్దనక్కర్లేదు, ఎందుకంటే వస్తువుకూ క్రియకూ ఉన్న జత వాటిలో చెక్కుచెదరలేదు.

పెద్దవాళ్లకు ఇంకో సులువుంది. ఏ క్రియ వాడాలో అనుమానం వస్తే దాన్ని ఎలా బాగుచేస్తారో అడిగితే చాలు. ముడి వేయగలిగేది తెగింది. కుట్టగలిగేది చిరిగింది. కట్టు కట్టి కదలకుండా ఉంచితే అతుక్కునేది విరిగింది. పూడ్చగలిగేది గండి. మళ్లీ తగిలించగలిగేది ఊడింది. ఊడ్చి పారేసి కొత్తది కొనాల్సి వస్తే, అది చాలావరకు పగిలిందే.